పారిపోయినకొలది పెరుగు శిక్ష: పంచాయతి సభ్యులు తెలిసికొనవలసిన చట్టము

కోల్‌కతనుండి చెన్నైకి పోవు 16వ నెంబరు జాతీయ రహదారి కావలి, నెల్లూరులమీదుగా మన తీరమువెంట సాగుచున్నది. వెలిగొండల ఎఱ్ఱచందనమును, పెన్నా ఇసుకను దొంగచాటుగా తరలించువారు కూడ ఈ దారినే ఆశ్రయించుచుందురు. పోలీసులు చేయెత్తి ఆపుమన్నపుడు ఆగక దూసుకొనిపోవు బండికి ఎదురుపడువారెవరు? సైకిలుపై పోవు కూలివాడు, చేపలబుట్టతో రోడ్డు దాటుచున్న స్త్రీ, విధినిర్వహణలోనున్న పోలీసు. 2024 ఫిబ్రవరి 6వ తేదీన అన్నమయ్య జిల్లాలో, ఎఱ్ఱచందనపు రవాణాను అడ్డగింపబోయిన ప్రత్యేక కార్యదళపు కానిస్టేబు లొకరు కారు ఢీకొని మరణించిరి.

అట్టి బండ్లను కూలికి నడుపువారిలో గ్రామీణ యువకులు కూడ నుందురు. “దొరికిన జైలు, తప్పించుకొన్న లాభము” అని వారికి చెప్పువారుందురు. ఇది తప్పుడు లెక్క. పారిపోవుటలో వేయు ప్రతి అడుగును క్రొత్త నేరమగును.

మన దేశమున 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. పోలీసులనుండి బండిలో పారిపోవుటకు ప్రత్యేకముగ ఒకే నేరమని పేరుపెట్టిన విధి అందు లేదు. చేసిన పనినిబట్టి వేర్వేరు విధులు వర్తించును. అధికారి ఆజ్ఞను బుద్ధిపూర్వకముగ మీరినచో మోటారు వాహనముల చట్టముక్రింద 2,000 రూపాయలవరకు జరిమానా కలదు. ప్రజలు తిరుగు దారిలో ప్రాణాపాయకరముగ బండి నడిపినచో, సంహిత 281వ విధినిబట్టి 6 నెలలవరకు జైలు, లేక 1,000 రూపాయలవరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. తన్ను పట్టుకొనబోగా ఎదిరించినను, అదుపునుండి తప్పించుకొన్నను 262వ విధిక్రింద 2 సంవత్సరములవరకు శిక్ష కలదు. పోలీసుపై దౌర్జన్యము చేసి విధికి ఆటంకము కలిగించినచో 132వ విధిక్రింద మరల 2 సంవత్సరములవరకు శిక్ష గలదు.

అజాగ్రత్తవలన మనిషి మరణించినచో 106వ విధి మొదటి భాగముక్రింద 5 సంవత్సరములవరకు జైలు, జరిమానా విధింతురు. పాత శిక్షాస్మృతిలో ఇది 2 సంవత్సరములే. ప్రాణము పోవునని తెలిసియు బండిని మనుష్యులమీదికి నడిపినచో అది అజాగ్రత్త కానేరదు; నేరపూరిత నరహత్యయై 10 సంవత్సరములవరకు, చంపవలెనను ఉద్దేశము ఋజువైనచో యావజ్జీవమువరకు, హత్యయే యైనచో మరణశిక్షవరకు పోవచ్చును.

ఇచట ఒక అపోహను తొలగింపవలెను. ప్రమాదముచేసి పోలీసులకు తెలుపక పారిపోయిన డ్రైవరుకు 10 సంవత్సరములవరకు శిక్ష విధించు 106వ విధి రెండవ భాగమును 2024 జనవరిలో లారీ డ్రైవర్లు వ్యతిరేకించిరి. సంహితను అమలులోనికి తెచ్చిన ప్రకటన ఆ ఒక్క భాగమును మినహాయించినది. మొదటి భాగము మాత్రము అమలులోనికి వచ్చినది.

ఇట్టి శిక్షలను తేలికగా తగ్గింపరాదని సుప్రీంకోర్టు తెలిపినది. పంజాబునకు చెందిన ఒక వ్యాజ్యములో, అజాగ్రత్తగా బండి నడిపి ప్రాణము తీసిన వానికి విధించిన ఒక సంవత్సరపు శిక్షను, మృతుని కుటుంబమునకు పరిహారము ముట్టినదను కారణమున, హైకోర్టు 24 దినములకు తగ్గించెను. 2015లో సుప్రీంకోర్టు దానిని అంగీకరింపక 6 నెలల శిక్షను నిర్ణయించి, ఈ నేరమునకు గల శిక్షను శాసనకర్తలు పునఃపరిశీలింపవలెనని పలికెను. బ్రిటనులో 2022 నాటి చట్టము, ప్రమాదకరముగ బండి నడిపి ప్రాణము తీసినవారికి గరిష్ఠశిక్షను 14 సంవత్సరములనుండి యావజ్జీవమునకు పెంచినది.

దీనినుండి పంచాయతి సభ్యులు గ్రహింపవలసినదేమి? రచ్చబండవద్ద పెద్దమనుషులు కూర్చుండి సొమ్మిప్పించి, “కేసు లేకుండ చేసితిమి” అనుట చెల్లదు. మరణము సంభవించిన ఇట్టి నేరము రాజీకి తగిన నేరముల పట్టికలో లేదు. పరిహారము కుటుంబమునకు న్యాయముగ రావలసినదే; అది శిక్షకు బదులు కాదు.

పారిపోయి వచ్చినవానికి ఇల్లు చూపుటయు నేరమే. నేరము చేసెనని ఎఱిగి శిక్షనుండి తప్పించుటకు ఆశ్రయమిచ్చినచో, ఆ నేరము 10 సంవత్సరముల జైలుకో యావజ్జీవమునకో తగినదైనపుడు 3 సంవత్సరములవరకు శిక్ష కలదు. భార్యాభర్తలకు మాత్రమే మినహాయింపు. తల్లిదండ్రులకును, అన్నదమ్ములకును లేదు.

పంచాయతి సభ్యులకు మరియొక బాధ్యత కలదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 34వ విధి ప్రకారము, గ్రామమునందు లేక దాని సమీపమున జామీను హక్కుగా లభింపని నేరము జరిగినదనిగాని, జరుగబోవుచున్నదనిగాని తెలిసినపుడు, పంచాయతి సభ్యుడు వెంటనే సమీప మేజిస్ట్రేటుకుగాని పోలీసు స్టేషనుకుగాని తెలుపవలెను. 112కు టెలిఫోను చేయవచ్చును. తన కన్నులయెదుట అట్టి ఘోరనేరము చేసినవానిని సామాన్యుడు పట్టుకొనవచ్చును. అయితే జాగుచేయక, 6 గంటలలోపుగా పోలీసులకు అప్పగింపవలెను. కట్టివేసి కొట్టుటకు ఎవరికిని అధికారము లేదు.

గ్రామసభలలో యువకులకు ఈ లెక్కను విప్పి చెప్పుడు. చేయెత్తినచోట బండి ఆపినవాడు చేసిన తప్పునకే జవాబు చెప్పుకొనును. పారిపోయినవాడు దారిలో పోగొట్టిన ప్రాణములకు కూడ జవాబుదారియగును. ఆ ప్రాణములు మాత్రము ఏ శిక్షతోను తిరిగిరావు.