పుట్టిన బరువు – జన్యువులు – మధుమేహం

భైంసాలో గ్రూప్స్‌కు చదివే మిత్రులు జీవశాస్త్రంలో తరచుగా వదిలేసే అంశమిది. వదలొద్దు.

2.5 కిలోల లోపు పుడితే తక్కువ బరువు శిశువు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం. గర్భంలో పోషణ చాలకపోతే పెద్దయ్యాక గుండెజబ్బు, మధుమేహం ముప్పు పెరుగుతుందన్నది బ్రిటన్ వైద్యుడు డేవిడ్ బార్కర్ వాదన. 1999లో ఆండ్రూ హాటర్‌స్లీ, జాన్ టూక్ మరో కోణం చూపారు. ఇన్సులిన్ చక్కెరను అదుపు చేయడమే కాదు, పిండాన్నీ పెంచుతుంది. కాబట్టి ఇన్సులిన్‌ను తగ్గించే జన్యువే బిడ్డను చిన్నగా పుట్టించి, తర్వాత షుగర్‌నూ తెస్తుందన్నది వారి వాదన. గ్లూకోకైనేజ్ జన్యులోపం ఇందుకు చక్కటి ఉదాహరణ: లోపం బిడ్డకు వస్తే బరువు సుమారు 500 గ్రాములు తగ్గుతుంది, తల్లికి మాత్రమే ఉంటే ఆమె రక్తంలోని అదనపు చక్కెర వల్ల బిడ్డ బరువు పెరుగుతుంది. పరీక్షలో తికమక పెట్టేది ఇక్కడే.

ఇక పుట్టిన తర్వాతి బరువు సంగతి: బాల్యంలో బీఎంఐకి ముడిపడిన ఎఫ్‌టీఓ జన్యువును 2007లో గుర్తించారు. అది 16వ క్రోమోజోమ్‌పై ఉంది. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన గిరిరాజ్ చందక్, పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందాలు 2009లో భారతీయులపై ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ జన్యువుకు మధుమేహంతో ఉన్న సంబంధం కేవలం ఒంటి బరువు ద్వారా వచ్చేది కాదు. మన పిల్లలు సన్నగా పుట్టినా ఒంట్లో కొవ్వు ఎక్కువని యాజ్ఞిక్ ముందే చూపారు.

టైప్-2 మధుమేహానికి ప్రధాన జన్యువు టీసీఎఫ్7ఎల్2; ఇది 10వ క్రోమోజోమ్‌పై ఉంటుంది.