పట్టుదల: పదార్థవిచారము

సత్కార్యమునందుఁ బూనిక గలవారిని పట్టుదల గలవారని లోకము శ్లాఘించును. తప్పని తెలిసియు మాట మార్చుకొననివారిని సైతము ఆ పదముతోనే నిందించును. ఒక్క మాట స్తుతికిని నిందకును చెల్లుట యెట్లు? ఈ విషయమును కొంచెము విచారింతము.

పట్టుదల యచ్చ తెలుఁగు మాట. పట్టు ధాతువునకు ‘దల’ యను ప్రత్యయము చేరి యేర్పడినది. పెరుగుదల, తరుగుదల, విడుదల యనునవియు నీ తీరుననే పుట్టినవి. విడుచుట విడుదల యైనట్లు, పట్టి యుండుట పట్టుదల. తమిళమునందలి ‘పఱ్ఱు’, కన్నడమునందలి ‘పత్తు’ దీనికి తోఁబుట్టువులు. సంస్కృతమునందలి ధృతి శబ్దమును ధరించుట యను నర్థముగల ‘ధృ’ ధాతువునుండియే వచ్చినది. ధర్మ శబ్దమునకును మూలమదియే.

కాని దేనిని పట్టవలెనో పదము చెప్పదు. ‘తాను పట్టిన కుందేటికి మూఁడే కాళ్లు’ అను సామెతలో నున్నదియు నీ పట్టే. అట్టివాఁడు పట్టినది కుందేటిని గాదు, తన మాటను. సత్యమును పట్టినది పట్టుదల; అహంకారమును పట్టినది మొండిపట్టు.

దీనికి నిదర్శనము మన హైదరాబాదులోనే కలదు. బషీర్‌బాగునందలి నిజాం కళాశాల 1887లో నేర్పడినది. దానికి దారితీసిన విద్యాకార్యమునకు మూలపురుషులలో అఘోరనాథ చట్టోపాధ్యాయులుగా రొకరు. ఎడింబరోలో విజ్ఞానశాస్త్రమునందు డాక్టరు పట్టమొందిన ఈయన, 1883లో చందా రైలుమార్గపు టేర్పాటును ప్రశ్నించినందున రాజ్యమునుండి వెడలఁగొట్టఁబడిరి. పిమ్మట తిరిగివచ్చి విద్యాకార్యమునే చేపట్టిరి. కుమార్తె సరోజిని 1898లో కులభేదమును లెక్కింపక గోవిందరాజులు నాయుఁడుగారిని వరింపఁగా సమ్మతించిరి. మదరాసులో ఆ వివాహమును జరిపించినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. విద్యను పట్టిన చేయియే కులాభిమానమును విడువఁగలిగెను.

కావున పట్టుదలయు విడుదలయు నొకదాని కొకటి శత్రువులు గావు. అసత్యమును విడువనివానికి సత్యమును పట్టుటకుఁ జేయి ఖాళీ యుండదు. మనలో ననేకులు పూర్వాచారమును వదలకపోవుటయే దార్ఢ్యమనుకొందురు. మఱికొందఱు క్రొత్తదనమును వదలకపోవుటయే దార్ఢ్యమనుకొందురు. ఉభయులును తమ కుందేటికిఁ గాళ్లెన్నియో యొకసారి లెక్కించుకొనుట మంచిది. నాలుగని తేలినచో నాలుగని యొప్పుకొనుటకుఁ గావలసిన ధైర్యమే నిజమైన పట్టుదల.