సంక్రాంతికి రమ్మనే ముందు

ప్రశ్న: మావాడు అనంతపురం జేఎన్‌టీయూలో ఇంజనీరింగ్ చేసి, ఇప్పుడు అమెరికాలో ఎంఎస్ చదువుతున్నాడు. డిసెంబరులో ఆఖరి సెమిస్టర్ అయిపోతుంది. పరీక్షలు కాగానే సంక్రాంతికి రమ్మంటున్నాం. తర్వాత వెళ్లి ఉద్యోగం వెతుక్కోవచ్చా?
– ఒక తండ్రి, రాప్తాడు

జవాబు: పిలవొచ్చు. కానీ టికెట్ కొనే ముందు ఒక్క మాట అడగండి: "ఓపీటీకి దరఖాస్తు పెట్టినావా?" చదువయ్యాక ఏడాదిపాటు పనిచేసుకునే అనుమతి అది. కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల్లోపు అమెరికా వలస శాఖకు ఐ-765 దరఖాస్తు చేరాలి. అంతకంటే ముందు కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి సిఫార్సుతో కొత్త ఐ-20 (కాలేజీ ఇచ్చే విద్యార్థి అర్హత పత్రం) తీసుకోవాలి. ఆ సిఫార్సు పడ్డాక 30 రోజులు దాటితే దరఖాస్తు చెల్లదు. చాలామంది పిల్లలు పరీక్షల హడావుడిలో తప్పేది ఇక్కడే.

దరఖాస్తు పెట్టేటప్పుడు అతను అమెరికాలోనే ఉండాలి. కోర్సు ముగిశాక పెట్టకుండా విమానమెక్కితే మిగిలిన గడువు అంతటితో సరి. పెట్టి వచ్చినా, చేతిలో ఉద్యోగం లేకుండా తిరిగి వెళ్తే అక్కడి విమానాశ్రయంలో ప్రశ్నలు ఎదురుకావచ్చు. నన్నడిగితే ఈ పండక్కి అతన్ని రమ్మనకుండా శెనక్కాయ ఉండలు పార్సిల్ చేయండి.

ఓపీటీ మొదలయ్యాక మొత్తం మీద 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఇక చదువుకు బ్యాంకు అప్పు తీసుకుని ఉంటే, చాలా బ్యాంకులు కోర్సయ్యాక ఏడాది దాకా వాయిదా అడగవు గానీ వడ్డీ ఆగదు. వాన మొహం చాటేసిన ఏడు శెనక్కాయ అమ్మి వాయిదా కట్టడమెట్లాగో మీకే తెలుసు. ఈరోజే ఫోన్ చేసి, ఐ-20 మీద కోర్సు ముగింపు తేదీ ఎంతుందో అతనితో చదివించుకోండి.