రంగు చేపల బేరం: ఏ చేప పక్కన ఏ చేప?

కమీషన్ కొట్లలో, బంగారు దుకాణాల్లో, బ్రోకర్ల ఆఫీసుల్లో గాజు తొట్టి పెట్టి రంగు చేపలు పెంచడం చాలాచోట్ల కనిపిస్తున్నది. ఇళ్లలోనూ అంతే. పిల్లల ముచ్చట కొంత, వాస్తు నమ్మకం కొంత. తొట్టి కొన్నవారిని కదిపితే తరచు వినిపించే మాట ఒకటి ఉన్నది: "మొదటి నెలలోనే సగం సరుకు పోయిందండీ." ఆ నష్టాన్ని నీళ్ల మీదికో, దిష్టి మీదికో నెట్టేస్తుంటారు. విచారిస్తే చాలా సందర్భాలలో లోపం కొనుగోలులోనే బయటపడుతుంది. రంగు చూసి కొన్నారు, పొత్తు చూసి కొనలేదు.

ఈ విలేఖరి కూడా ఆ నష్టం చవిచూసినవాడే. రెండడుగుల తొట్టిలోకి నాలుగు గోల్డ్ ఫిష్, రెండు ఏంజెల్, నాలుగు టైగర్ బార్బ్ ఒకే బేరంలో తీసుకోవడం జరిగింది. "అన్నీ కలిసే ఉంటాయి సార్" అన్నాడు కొట్టు యజమాని. మూడోనాటికి ఏంజెల్ చేపల పొడుగాటి రెక్కలు రంపంతో కోసినట్లయినాయి. టైగర్ బార్బులు వాటిని కొరుకుతున్నాయి. తెగినచోట తెల్లని బూజు పట్టింది. రెండు వారాలలో ఏంజెల్ రెండూ పోయినాయి, తర్వాత గోల్డ్ ఫిష్ తోకల వంతు వచ్చింది. తరుగు, డామేజీ లెక్కలు రాయడం బీకాంలో నేర్పారుగాని, అసలు ఆ సరుకును ఒకచోట నిలవ చేయవచ్చునా అని ముందు అడగాలనే బుద్ధి అప్పుడు లేకపోయింది.

మొదట చూడవలసినది నీళ్లు. గోల్డ్ ఫిష్ చల్లని నీటి చేప. 18 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ దానికి హాయి. ఏంజెల్ అమెజాన్ చేప. 24 నుంచి 28 డిగ్రీలు కావాలి. రెండూ ఒకే తొట్టిలో ఉంటే ఏదో ఒకటి ఇబ్బంది పడవలసిందే. పైగా గోల్డ్ ఫిష్ తిండి ఎక్కువ, విసర్జన ఎక్కువ. దాన్ని దాని జాతితోనే విడిగా ఉంచడం మేలు.

వేడి తర్వాత కఠినత్వం. బోరు నీళ్లు వాడే పేటలలో చాలాచోట్ల కఠిన జలమే వస్తుంది. బకెట్టు అంచున తెల్లని పొర కట్టడం దానికి గుర్తు. ఆ నీటికి గప్పీ, మాలీ, ప్లాటీ వంటి పిల్లలు పెట్టే జాతులు బాగా తగుతాయి. నియాన్ టెట్రా పుట్టిల్లు అమెజాన్ పరీవాహకంలోని మెత్తని, కొంచెం ఆమ్లగుణం గల నీరు. పెంపకం కేంద్రాలలో పుట్టిన సరుకు కొంత సర్దుకుంటుందిగాని, మాలీకి నచ్చిన నీటిలో నియాన్ ఎక్కువ కాలం తేరుకోదు. దేశంలో రంగు చేపల పెంపకానికి పేరుపడ్డవి చెన్నైలోని కొళత్తూరు, కోల్‌కతా పరిసరాలు. అక్కడినుంచి పాలిథీన్ సంచిలో ఆక్సిజన్ నింపి పంపిన చేప మన నీటికి కొత్తదే అవుతుంది. కొట్టులో ఏ నీరు వాడుతున్నారో అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు.

రెండవది పెరుగుదల. మన వర్తకులకు ఇది ఇట్టే అర్థమవుతుంది, ఎందుకంటే చేప కొనడమంటే వాయిదా బేరం. ఇవాళ్టి సైజు కాదు, గడువునాటి సైజు లెక్కవేయాలి. కొట్లలో రెండంగుళాల వెండి రంగు పిల్లలను "షార్కు" అని అమ్ముతుంటారు. అందులో తరచు కనిపించేది సొరచేప కాదు, పంగాసియస్. కైకలూరు చుట్టుపక్కల చెరువుల్లో పెంచి, ఐస్‌లో పెట్టి లారీలకెత్తే "ఫంగస్" చేపే అది! థాయిలాండ్ సరుకు 1990ల నడుమ బంగ్లాదేశ్ మీదుగా బెంగాలుకు వచ్చి, అక్కడినుంచి ఆంధ్ర చెరువులకు చేరింది. చెరువులో కిలో దాటి పెరిగే చేపను రెండడుగుల గాజు పెట్టెలో ఎలా ఉంచుతాము? పూర్తిగా ఎదిగితే మీటరు దాటుతుంది. బెదిరితే గాజుకేసి మూతి కొట్టుకుంటుంది. చేపల మార్కెట్టులో ఫంగస్ ధర చెప్పగల వ్యాపారి కూడా కొట్టులో దాన్ని షార్కనుకుని కొనడం ఈ విలేఖరి చూశాడు.

ఆస్కార్‌దీ అదే కథ. అగ్గిపెట్టెంత కొంటే ఏడాది రెండేళ్లలో అడుగు పొడవవుతుంది, నోట పట్టిన ప్రతి చేపనూ మింగుతుంది. "పాచి తింటుంది, తొట్టి శుభ్రంగా ఉంటుంది" అని అంటగట్టే సక్కర్ చేప కూడా అడుగు దాటుతుంది. ఎదిగినవాటిని చెరువులో, కాలువలో వదలడం మరీ తప్పు. అలా బయటపడిన సక్కర్ చేపలు ఆంధ్ర చెరువుల్లో పెరిగి రైతుల వలలు చింపుతున్నాయి. సరదా ఒకరిది, నష్టం మరొకరిది.

మూడవది నోరు, రెక్క, స్వభావం. ఏంజెల్ నెమ్మదైన చేపలా కనిపిస్తుందిగాని, ఎదిగాక నియాన్ టెట్రాలను ఒక్కొక్కటిగా మాయం చేస్తుంది. టైగర్ బార్బ్ గుంపు చేప. ఎనిమిదికి తక్కువైతే తమలో తాము తేల్చుకోవలసిన పోరు పొరుగు చేపల మీద చూపుతుంది. ఎనిమిది ఉన్నా పొడుగు రెక్కల చేపను పక్కన పెట్టరాదు. ఫైటర్ మగవి రెండు ఒక తొట్టిలో ఉండవు. ఇది అందరికీ తెలిసినదే.

అదృష్టం కోసం కొట్టులో పెట్టే చేపల గురించి ఒక మాట. తలమీద బుడిపె ఉండే ఫ్లవర్‌హార్న్ 1990లలో మలేసియాలో రకాలు కలిపి తయారుచేసిన సంకరజాతి. దాని తొట్టిలో మరో చేపకు చోటు లేదు. అరోవానా రెండు మూడడుగులు పెరుగుతుంది, మూత లేకపోతే ఎగిరి బయటపడుతుంది. ఆసియా అరోవానా అంతర్జాతీయ వ్యాపార ఒడంబడిక సైటిస్ మొదటి జాబితాలో ఉన్నది. కాగితాలు లేని సరుకు జోలికి పోవద్దు.

ఇక తొట్టి పట్టుబడి. ఘనపుటడుగుకు 28 లీటర్లు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టికి 56 లీటర్లు. ఇసుక, పైన ఖాళీ తీసేస్తే 45. చిన్న చేపలకు 3.8 లీటర్లకు ఒక అంగుళం చొప్పున, ఎదిగిన సైజు మీద లెక్క కడితే పన్నెండంగుళాలు. అంటే రెండంగుళాల జీబ్రా డానియోలు ఆరు. అంతే! కొట్టువారు ఇరవై ఇస్తామంటే ఆ ఇరవై వారి లెక్క. ఇది మోటు కొలత; గోల్డ్ ఫిష్‌కు, ఆస్కార్‌కు వర్తించదు.

మూడడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అంతే ఎత్తు గల తొట్టిలో నికరంగా 110 లీటర్లు నిలుస్తాయి. కఠిన జలమైతే ఆరు జీబ్రా డానియోలు, రెండు మగ, నాలుగు ఆడ ప్లాటీలు వేసుకోవచ్చును. జీబ్రా మన దేశపు చేపే, గట్టిది. ప్లాటీ పిల్లలు కొసరు కింద వస్తాయి. వాటికీ చోటు చూసుకోవాలి. మెత్తని నీరైతే పది నియాన్ టెట్రాలు, అడుగున తిరిగే కోరిడోరాస్ ఐదు. నియాన్ నడిమి నీటిలో, కోరిడోరాస్ ఇసుక మీద తిరుగుతాయి గనుక ఒకదాని దారికి మరొకటి అడ్డురాదు.

ఇంతా ఎంచి ఒకేరోజు అన్నీ వేస్తే మాత్రం ఫలం దక్కదు. విసర్జనలోని అమ్మోనియాను విరిచే సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. గట్టి జాతివి మూడు నాలుగు ముందు వేసి, నెమ్మదిగా పెంచాలి. మునిసిపల్ కుళాయి నీటిలో క్లోరిన్ విరిగేందుకు మందు కలపాలి. కొత్త సరుకును రెండు వారాలు విడి తొట్టిలో చూడాలి. ఈ విలేఖరి ఇప్పుడు కొనేముందు రెండే అడుగుతున్నాడు. ఎదిగితే ఎంతవుతుంది, పెద్దదైతే వెనక్కి తీసుకుంటారా? రెండో ప్రశ్నకు కొట్టు యజమాని తల గోక్కుంటే బేరం అక్కడికి ఆపేస్తున్నాడు.