పరదేశాలకు పాకిన పత్తి పచ్చదోమ – జాతి నిర్ధారణలో మెలకువలు

పత్తి, బెండ పంటలను ఆశించే పచ్చదోమ మన రైతాంగానికి చిరపరిచితమైన కీటకం. ఆమ్రాస్కా బిగట్టులా అనే ఈ జాతిని 1913లో తైవాన్ నమూనాల ఆధారంగా ఇషిడా తొలిసారి వర్ణించారు. మనకు పాతదైన ఈ పురుగే నేడు ఇతర ఖండాలలో కొత్త పురుగు. 2022లో పశ్చిమ ఆఫ్రికా పత్తి పొలాలలో ఉధృతమైంది. 2023లో ప్యూర్టోరికోలో, 2024లో ఫ్లోరిడాలో కనబడి, 2025 నాటికి జార్జియా తదితర అమెరికా దక్షిణాది రాష్ట్రాల పత్తికి చేరింది.

పశ్చిమ ఆఫ్రికా అనుభవం విస్తరణ శాస్త్రవేత్తలకు ముఖ్యమైనది. అక్కడి పత్తిపై జాకోబియాస్కా లిబికా వంటి పచ్చదోమలు ముందునుండే ఉన్నాయి. ఏ జాతి రసం పీల్చినా ఆకు అంచులు పసుపుబారి, కిందికి ముడుచుకొని, ఎర్రబడి ఎండిపోతాయి. అందువలన లక్షణాలను చూసి పాత పురుగేనని భావించే ప్రమాదం ఎక్కువ. ఐవరీ కోస్టులో 2022-23 పత్తి దిగుబడి అంతకుముందు సంవత్సరపు ఉత్పత్తిలో సగానికంటే తక్కువకు పడిపోయింది.

తల్లి పురుగు సుమారు 3 మి.మీ. పొడవుతో, లేత ఆకుపచ్చ రంగులో, వెనుకకు సన్నబడిన ఆకారంలో ఉంటుంది. ముందు రెక్కలు ఒక్కొక్కదానిపై, కొనకు కాస్త ముందుగా, ఒక నల్లచుక్క ఉంటుంది. తలపైన మరో రెండు చిన్న చుక్కలుంటాయి. బిగట్టులా అంటే రెండు చిన్న బిందువులు గలదని అర్థం. అమెరికాలో దీనితో పొరబడే ఎంపోయాస్కా ఫాబేకు ఈ రెక్కల చుక్కలు లేవు. అయితే చుక్కలు అన్ని పురుగులలోనూ స్పష్టంగా ఉండవు. శీతాకాలంలో దేహానికి ఎర్రని ఛాయ వస్తుంది. పిల్ల పురుగులకు రెక్కలే ఉండవు. అవి పక్కకు నడవడం పచ్చదోమలన్నింటికీ ఉన్న అలవాటే కనుక జాతి నిర్ధారణకు పనికిరాదు. చుక్క కనబడిందని నిర్ధారించడం, కనబడలేదని తోసిపుచ్చడం, రెండూ తొందరపాటే.

తుది నిర్ధారణ మగ పురుగు జననాంగాల పరిశీలనతోనే సాధ్యం. ఉదరాన్ని వేరుచేసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో మెత్తబరచి, సూక్ష్మదర్శినిలో చూడాలి. ఆడ పురుగులు, పిల్ల పురుగులు మాత్రమే దొరికినప్పుడు డి.ఎన్.ఏ. బార్‌కోడింగ్ ఉపకరిస్తుంది.

మన భాషలోనూ ఒక చిక్కుంది. వరిలోని నెఫోటెట్టిక్స్‌నూ, వేరుశనగలోని ఎంపోయాస్కా కెర్రినీ, పత్తిలోని ఆమ్రాస్కానూ పచ్చదోమ అనే పిలుస్తాము. రైతుకు ఆ పేరు చాలు. కానీ విద్యార్థుల నమూనా సీసాలపై సైతం ఆ ఒక్క మాటే కనిపించడం నన్ను కలవరపెడుతుంది. రేపు మరో దేశపు జాతి మన పొలంలో దిగితే ఆ పేరు చాటునే దాగిపోగలదు. 2021లో మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు మన దేశానికి పరాయిదేనన్న సంగతి మరువరాదు.

గుడ్లు ఆకు ఈనెలలోపల ఉండటం వలన నర్సరీ మొక్కను పైపైన చూస్తే తెలియవు. అమెరికాలో అలంకరణ మందార మొక్కల రవాణాను వ్యాప్తి మార్గాలలో ఒకటిగా భావిస్తున్నారు. కనుక సర్వేలో పత్తితోపాటు బెండ, వంగ, మందారలను కూడా చూడాలి. ఆకు అడుగు భాగాన్ని భూతద్దంతో పరిశీలించి, మగ పురుగులు కలిసేలా తగినన్ని తల్లి పురుగులను 95 శాతం ఆల్కహాలులో భద్రపరచాలి. ఆల్కహాలులో పచ్చరంగు వెలిసిపోతుంది కాబట్టి సజీవ పురుగు ఛాయాచిత్రం ముందే తీయాలి. చీటీపై పంట, గ్రామం, తేదీ, సేకరించినవారి పేరు పెన్సిలుతో వ్రాసి సీసా లోపలే ఉంచాలి.