బల్లకు ముందు ఆ అబ్బాయి దగ్గరికి

ఒంగోలు

చిరంజీవి చిన్నోడికి,

ఫోనులో చెప్పేదైతే ఎప్పుడో చెప్పేదాన్ని, ఇది తీరిగ్గా చదువుకోవాల్సిన సంగతి కాబట్టి రాస్తున్నాను.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల తీసుకోలేక వెనక బెంచీలోంచే లేచి వచ్చేస్తున్నానన్నావు. నాన్నకి ఆపరేషనని అబద్ధమాడి రూమ్మేటు దగ్గర 20 వేలు తీసుకున్న సంగతి దేవుడి ముందు ఎన్నిసార్లు ఒప్పుకున్నా, ఉపవాసం ఉన్నా మనసు కుదుటపడటం లేదనీ, ఆయన క్షమించలేదేమోననీ భయపడుతున్నావు. నాన్నా, మరి ఆ అబ్బాయికి చెప్పావా? నీ ఉత్తరం నిండా దేవుడే ఉన్నాడు. అతని ఊసు మొదటి నాలుగు మాటలతోనే ఆగిపోయింది.

మనవాళ్లలో చాలామందికి ఏడిస్తే పశ్చాత్తాపం అయిపోయినట్టే. యేసుని పట్టించిన ఇస్కరియోతు యూదా బాధపడలేదా? మత్తయి 27 తీసి చూడు. 30 వెండి నాణేలూ వెనక్కి తెచ్చాడు, తప్పు చేశానని యాజకుల ఎదుట ఒప్పుకున్నాడు. అంతా చేసి, యేసు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. పేతురు కూడా ఆ పట్టించిన రాత్రే ఆయనెవరో ఎరగనని మూడుసార్లు బొంకాడు. అయినా తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున ఉన్నది ప్రభువని వినగానే పడవలోంచి నీళ్లలోకి దూకేశాడు. ఎవరి పాపం పెద్దదని నన్నడిగితే చెప్పలేను, ఎవరు ఎటు పరుగెత్తారో మాత్రం కనబడుతూనే ఉంది.

జక్కయ్య కథ సండేస్కూల్లో విన్నదే. పొట్టివాడు, మేడిచెట్టెక్కాడు అని నవ్వుకుని వదిలేశాం. అన్యాయంగా పుచ్చుకున్న సొమ్ముకి ఐదో వంతు కలిపి తిరిగివ్వమని సంఖ్యాకాండంలో ఉంది. నీ లెక్కలో నాలుగు వేలు. జక్కయ్య నాలుగింతలు తిరిగిస్తానన్నాడు, పైగా ఆస్తిలో సగం బీదలకన్నాడు. ఇంత ఇమ్మని యేసు అడగనే లేదు. దానికంటే ముందు జరిగింది చూడు: ఈ రోజు నీ ఇంట్లో ఉంటానని యేసు అనేటప్పటికి జక్కయ్య ఇంకా ఎవరికీ పైసా తిరిగివ్వలేదు. డబ్బు కట్టేస్తే దేవుడు క్షమిస్తాడని చెప్పడానికి ఇదంతా రాయడం లేదురా. ఆ బాకీ సిలువ మీద తీరిపోయిందనే కదా మన నమ్మకం. దేవుడికి నువ్వు కొత్తగా కట్టాల్సిందేమీ లేదు. రూమ్మేటుకి మాత్రం 20 వేలు బాకీ ఉన్నావు, నిజం కూడా బాకీ ఉన్నావు.

కొండమీది ప్రసంగంలో, అర్పణ తెచ్చాక సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, దాన్ని బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు యేసు. ఆ మాట అన్నది గలిలయలో. బలిపీఠమేమో యెరూషలేములో, రోజుల తరబడి నడక. నీకు పక్క మంచమే. కొరింథులో బల్ల దగ్గర అంత గందరగోళం జరిగినా, పౌలు వాళ్లని పరీక్షించుకుని తినమన్నాడు గానీ మానేయమనలేదు. వెనక బెంచీలో కూర్చోవడం వినయమని నువ్వనుకుంటున్నావు, నాకైతే దాక్కోవడంలా ఉంది.

ఇక, బాప్తిస్మం అయ్యాక కూడా అబద్ధం నోటికి అంత తేలిగ్గా వస్తోందంటే నాలో ఆత్మ ఉన్నట్టా అన్నావు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనం గొప్పగా చెప్పుకుంటాం. వాళ్లకి నేర్పడానికి మిషనరీ క్లౌ దొరగారూ, తెలుగు బోధకులూ ఆ తర్వాత ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగిన సంగతి ఎవరూ అంత గొప్పగా చెప్పరు. చేయాలనుకున్న మేలు చేయలేకపోతున్నానని రోమా పత్రికలో పౌలంతటివాడే వాపోయాడు. ఆ వెంటనే ఎనిమిదో అధ్యాయంలో, క్రీస్తులో ఉన్నవాళ్లకి శిక్షావిధి లేదని ధైర్యంగా రాశాడు. నీలో ఆ పోరాటం ఉన్నందుకు నాకు భయం లేదు. అబద్ధమాడి హాయిగా నిద్రపోతే అప్పుడు భయపడేదాన్ని.

ఆత్మానుసారంగా నడవడమంటే మైకులో గొంతు పెంచడమనుకునేవాళ్లు మన సంఘంలోనూ ఉన్నారు. గలతీ పత్రికలో శరీరకార్యాల వరసలో తాగుడు పక్కనే కక్షలూ కోపాలూ అసూయలూ ఉన్నాయి. తాగుడు మీద ఏటా ప్రసంగం వింటాం, సంఘ కమిటీ ఎన్నికల్లో కక్షల మీద ఒక్కటీ వినలేదు. పౌలు చెప్పిన ఆత్మఫలంలో ప్రేమ, దీర్ఘశాంతం, ఆశానిగ్రహం లాంటివి ఉన్నాయి, అన్నీ పక్కవాళ్లకి తెలిసేవే. నీ రూములో ఉండే వాళ్లకి అవి నీలో కనబడుతున్నాయో లేదో చూసుకో.

చెప్పేటప్పుడు చుట్టూ తిప్పొద్దు. ఆపరేషన్ లేదు, అబద్ధం చెప్పాను, నెలకింత ఇస్తాను అను. అతను కోప్పడితే పడనీ, రూము మారిపోతానంటే అడ్డుపడకు. దేవుడు నన్ను క్షమించాడు, నువ్వూ క్షమించు అని మాత్రం అనకు. అది అతను తేల్చుకోవాల్సింది, ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు పట్టనీ. నీ జీతంలోంచే కట్టు, తేదీ తప్పకు. నేను సర్దనుగాక సర్దను.

మీ నాన్నకి కూడా చెప్పాలి, లేని జబ్బు అంటగట్టింది ఆయనకే కదా. నువ్వు చెప్పేదాకా నేను నోరు విప్పను. చెప్పాక ఆయన నాకు ఫోన్ చేస్తాడు, అప్పుడు నీ తరఫున నేను మాట్లాడతాను.

ప్రేమతో,
అత్తయ్య