కోడిపిల్ల పుంజా, పెట్టా? - గుర్తించు విధము

పెరటికోళ్ల పెంపకము గ్రామములలోని పేదకుటుంబములకు మంచి ఆసరా. దీనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. దొడ్డిలో దొరకు గింజలను, పురుగులను, వంటింట మిగిలిన మెతుకులను తిని కోడి పెరుగును. గ్రుడ్లమీద వచ్చు నాలుగు రూపాయలు సామాన్యముగా ఇల్లాలి చేతికే చేరును. 1992లో జరిగిన 73వ సవరణ వలన మన రాజ్యాంగమునకు పదునొకండవ షెడ్యూలు చేరినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు అందు కలవు. వానిలో నాలుగవది పశుపోషణ, పాడి, కోళ్ల పెంపకము. కావున కోళ్లను గూర్చిన కొంత పరిజ్ఞానము పంచాయతీ సభ్యులకు ఉండుట యుక్తము.

ఈ విషయమున తరచుగా వచ్చు చిక్కు ఒకటి కలదు. ఒక స్త్రీ పదిపిల్లలను పెట్టపిల్లలని నమ్మి, వాని ధరచెల్లించి కొనును. మూడునెలలు గడచునప్పటికి వానిలో సగము కూయసాగును. ఆమె వేసికొన్న గ్రుడ్ల లెక్క సగమునకు పడిపోవును. మరియొక ఇంట పండుగనాడు పుంజు అనుకొని కోసిన పక్షి, కడుపులో గ్రుడ్ల గుత్తి మొదలైన పెట్టగా బయటపడును. ఒక సంవత్సరపు గ్రుడ్లు ఒక్క పూట కూరతో పోయినవి. ఇట్టి తగవులు పంచాయతీ అరుగు మీదికి వచ్చినపుడు, ఏ వయస్సున ఏ గుర్తును నమ్మవచ్చునో సభ్యులకు తెలిసియుండవలెను.

పుట్టిన నాడు తెలియునా?

గ్రుడ్డు ఆకారమును బట్టి పిల్ల ఏదియో చెప్పవచ్చునని కొందరందురు. కోలగా నున్నది పుంజని ఒకరు, పెట్టయని మరియొకరు వాదింతురు. పిల్లను కాళ్లు పట్టి తలక్రిందులుగా వ్రేలాడదీసి చూచువారును కలరు. ఇవి నమ్మదగినవి కావు. కోళ్లలో పిల్ల ఆడదగునో మగదగునో తల్లి యందు బీజము ఏర్పడునపుడే నిర్ణయమగును. పెంకు దాని తరువాత ఏర్పడును. కనుక పెంకు ఆకారమునకు దీనితో సంబంధము లేదు. పొదిగిన పిల్లలలో ఇంచుమించు సగము పుంజులు, సగము పెట్టలు అగుట ప్రకృతి నియమము. అందుచేత ఊహించి చెప్పిన వాని మాట కూడ సగము సార్లు నిజమగును. ఈ పరీక్షలకు పేరు వచ్చుటకు కారణమిదే.

నిపుణులు మాత్రము మొదటిదినముననే గుర్తింపగలరు. పిల్ల మలద్వారమును మెల్లగా విప్పి, లోపల గుండుసూది తలంత యుండు చిన్న బొడిపెను చూచి చెప్పు పద్ధతిని జపాను శాస్త్రజ్ఞులు 1920 దశాబ్దమున రూపొందించిరి. వారిలో కియోషి మసుయి ముఖ్యుడు. దీనికి దీర్ఘమైన శిక్షణ కావలెను. శిక్షణ లేనివారు చేసినచో పిల్లకు గాయమగును. రెక్క యీకల పొడవును బట్టి గుర్తించుట మరియొక పద్ధతి. ఇది ప్రత్యేకముగా జతకూర్చిన జాతుల పిల్లలకు, అదియును మొదటి ఒకటి రెండు దినములలోనే, వర్తించును. నాటుకోడి పిల్లలకు ఇది పనికిరాదు.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. గ్రుడ్ల కోళ్లను ఉత్పత్తి చేయు హేచరీలలో పెట్టపిల్లలను ఏరుకొని, గ్రుడ్లు పెట్టని పుంజుపిల్లలను వేరుచేయుదురు. వీధులలో ఎఱుపు, పచ్చ, నీలము రంగులు అద్ది చౌకగా అమ్ము పిల్లలు సామాన్యముగా ఇట్టి పుంజులే. వీనిని కొని గ్రుడ్లకై ఎదురుచూచుట వృథా.

వయస్సును బట్టి గుర్తులు

3, 4 వారములు: ఈ వయస్సున సూచనలే గాని నిశ్చయము లేదు. పెట్టపిల్లకు రెక్కలు, తోక త్వరగా వచ్చును. పుంజుపిల్ల తోక పొట్టిగా నుండి, వీపు కొంతకాలము బోసిగా కనబడును.

6 మొదలు 8 వారములు: తలపై నుండు కండను, అనగా జుట్టును, చూడవలెను. పుంజుపిల్ల జుట్టు పెద్దదై, మందమై, ఎఱ్ఱబారును. ముక్కు క్రింద వ్రేలాడు కండలు కూడ ఎఱ్ఱనగును. పెట్టపిల్లలో ఇవి చిన్నవిగా, లేతపసుపు లేక పాలిన గులాబి వన్నెలో నుండును. పుంజుపిల్ల కాళ్లు లావుగా నుండి, నిలువు నిటారుగా నుండును.

10 మొదలు 14 వారములు: ఈకలే గట్టి సాక్ష్యము. మెడమీదను, తోకకు ముందు నడుముమీదను మొలచు కొత్త యీకలను వ్రేళ్లతో విడదీసి చూడవలెను. పుంజుకు అవి సన్నగా, పొడవుగా, కొన వాడిగా, నిగనిగలాడుచుండును. పెట్టకు వెడల్పుగా, కొన గుండ్రముగా నుండును. రంగుల కోళ్లలో పుంజు భుజములమీద ముదురు రంగు మచ్చలు అతుకులవలె బయలుదేరును. తరువాత తోకయందు కొడవలివలె వంగిన యీకలు వచ్చును.

కూత కొన్నిటికి రెండవ నెలలోను, పెక్కింటికి మూడు, నాలుగు, ఐదు నెలలలోను మొదలగును. కూయలేదు గనుక పెట్ట యనుట పొరపాటు. కాలి వెనుక ముల్లు ఆలస్యముగా పెరుగును. ముసలి పెట్టలకును కొన్నిటికి ముల్లు వచ్చును. కనుక అది లేతవయస్సున గుర్తుగా ఉపయోగపడదు.

జాతిభేదము మరువరాదు

అన్ని జాతులలోను గుర్తులు ఒక్క తీరున ఉండవు. అసీలు కోడికి జుట్టు చిన్నది, అణగియుండును. కావున జుట్టును చూచి తొందరపడక నడుము యీకలు వచ్చువరకు ఆగవలెను. కడక్‌నాథ్ కోడికి జుట్టు నల్లని ఛాయ కలది. దానికి ఎఱుపును చూడక పరిమాణమును చూడవలెను. మెడ బోడిగా నుండు కోళ్లకు మెడ యీకలే ఉండవు గనుక నడుమును చూడవలెను. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజ, గ్రామప్రియ పిల్లలను సామాన్యముగా 6 వారములవరకు వెచ్చని గదులలో పెంచి, పిమ్మట దొడ్లలోనికి వదలుదురు. అనగా అవి ఇంటికి చేరునప్పటికి జుట్టు గుర్తు అప్పుడే మొదలగుచుండును.

ఒక్క గుర్తుతో తీర్పు చెప్పరాదు. ఒకే జాతి, ఒకే ఈడు పిల్లలను ప్రక్కప్రక్కన నిలిపి పోల్చవలెను. జుట్టు, కాళ్లు, యీకలు మూడును ఒకే మాట చెప్పినపుడే నిశ్చయింపవలెను. మరియొక సంగతి. గ్రుడ్డుకు వచ్చు పెట్టకు కూడ జుట్టు ఎఱ్ఱబారును. ఐదు, ఆరు నెలల పక్షిని జుట్టు ఎఱుపును మాత్రము చూచి పుంజని కోయుట, చేతికి వచ్చిన పంటను తగులబెట్టుటయే.

పంచాయతీ చేయదగిన పని

మహిళాసంఘముల కొరకు పిల్లలను కొనునపుడు జాతి, పొదిగిన తేదీ, ఏరిన పెట్టపిల్లలా లేక కలగలుపు పిల్లలా అను మూడు విషయములను రసీదుపై వ్రాయించవలెను. కలగలుపు పిల్లలైనచో సగము పుంజులగునని ముందే లబ్ధిదారులకు చెప్పవలెను. అట్లు చెప్పిన పిమ్మట తగవునకు తావుండదు. 8వ వారమున ఒకసారి, 12వ వారమున మరియొకసారి పక్షులను చూచి లెక్క వ్రాసికొనవలెను. సందేహమున్న పక్షి కాలికి రంగుదారము కట్టి, రెండు వారములు ఆగి మరల చూడవలెను. మొదటి పరీక్షలోనే మోసమని అమ్మినవానిపై నిందమోపుటయు, పుంజని పక్షిని కోయించుటయు తగవు.

గ్రుడ్డు పెట్టుటకు పెట్టకు పుంజుతో పనిలేదు. పొదుగుటకు గ్రుడ్లు కావలసినపుడే పుంజు అవసరము. సుమారు పది పెట్టలకు ఒక పుంజు చాలును. మిగిలిన పుంజులు మేతను తినుచు, తమలో తాము పోరాడుచు, పెట్టలను గాయపరచును. నిశ్చయముగా గుర్తించిన పిమ్మట వానిని సకాలమున అమ్మినచో వచ్చు సొమ్ము పెట్టల మేతకు ఉపకరించును. ఉంచుకొను పుంజును మాత్రము వేరొక ఇంటి సంతతినుండి తెచ్చుకొనుట మేలు. తోబుట్టువుల జత వలన సంతతి బలహీనపడును.

పుంజును పెట్ట నుండి వేరుచేయుటకు యంత్రములు, ధనము అక్కరలేదు. మంచి వెలుతురు, పోల్చిచూచు కన్ను, కొన్ని వారముల ఓపిక ఉన్న చాలును. గ్రామసభ జరుగు దినమున రెండు పక్షులను తెప్పించి, నడుము యీకలను పదిమందికి చేతితో విప్పి చూపినచో ఈ పాఠము ఊరంతటికి తెలియును. ఆ తరువాత ఏ ఇల్లాలును గ్రుడ్డుపెట్టు కోడిని పుంజని ఎంచి పోగొట్టుకొనదు.